క్లినిక్ వాట్సాప్ మెసేజీలకు ఏఐతో జవాబులు: ఎంతవరకు ఇవ్వొచ్చు, ఎక్కడ ఆపాల?

స్వర్ణముఖి_గట్టు · సోమవారం ఉదయం 9:12
తిరుపతిలో ఇద్దరు డాక్టర్ల క్లినిక్. జనరల్ మెడిసిన్, పిల్లల విభాగం. వాట్సాప్ బిజినెస్ నంబరుకు రోజుకు 120 నుంచి 150 మెసేజీలు. సగం అపాయింట్‌మెంట్లు, టైమింగులు. మిగతావి మాత్రల సందేహాలు, రిపోర్టు ఫోటోలు, వాయిస్ నోట్లు. కొన్ని తెలుగులో, కొన్ని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టిన తెలుగులో, నగరి పుత్తూరు వైపు నుంచైతే తమిళం కలిసి వస్తాయి. ఏఐ డ్రాఫ్టు రాస్తుంది, నర్సు చూసి పంపుతుంది, ఇదీ ఆలోచన. అడిగేది మూడు: రూలు ఒప్పుకుంటుందా? మన యాస దానికి ఎక్కుతుందా? దేన్ని అసలు దాని చేతికి ఇవ్వకూడదు? "వాడొద్దు" అనే ఒక్క ముక్కతో సరిపెట్టకుండా పని చెప్పండి.

వేలూరు_రోడ్డు_డాక్టర్ · 9:48
రూలు నుంచి మొదలుపెడదాం. 2020 మార్చి 25న వచ్చిన టెలీమెడిసిన్ గైడ్‌లైన్స్‌లో ఇది స్పష్టంగా ఉంది. కృత్రిమ మేధ మీద నడిచే సాధనాలు పేషెంటుకు సలహా ఇవ్వకూడదు, మందు రాయకూడదు. రిజిస్టర్డ్ డాక్టరుకు సాయం మాత్రం చేయొచ్చు. అంటే డాక్టరు చదివి, దిద్ది, తన పేరుతో పంపే డ్రాఫ్టుకు అడ్డం లేదు. వైద్యానికి సంబంధించిన మెసేజీకి యంత్రం తనంతట తాను జవాబు పంపడం కుదరదు.

మీ ప్లానులో "నర్సు చూసి పంపుతుంది" దగ్గరే చిక్కు. టైమింగులు, ఫీజు, "రిపోర్టు వచ్చిందా" లాంటివి నర్సు పంపొచ్చు. మాత్ర పెంచడం, తగ్గించడం, ఆపడం గురించి ఒక్క వాక్యం ఉన్నా డాక్టరు నొక్కాల్సిందే. చాట్ రికార్డు భద్రంగా ఉంచడం కూడా డాక్టరు బాధ్యతే. డ్రాఫ్టు ఏమి రాసింది, మీరు ఏమి మార్చారు, ఎవరు పంపారు, మూడూ భద్రంగా ఉంచండి. షెడ్యూల్ ఎక్స్ మందులు (గట్టి నియంత్రణ ఉన్నవి), ఎన్‌డీపీఎస్ అనే మత్తుమందుల చట్టం కిందికి వచ్చేవి టెలీలో రాయకూడదు. "నిద్రమాత్ర అయిపోయింది, అల్ప్రాజోలం చీటీ పంపండి" అన్న మెసేజీకి డ్రాఫ్టు "తప్పకుండా" అని మొదలుపెట్టిందంటే మీ సెట్టింగు తప్పు.

కాణిపాకం_కోడర్ · 10:30
సిస్టమ్ కట్టే వరుస చెప్తా. చాలామంది మోడల్‌తో, అంటే డ్రాఫ్టు రాసే ఏఐతో, మొదలుపెడతారు. మోడల్ మూడో మెట్టు.

మొదటి మెట్టు మామూలు పదాల జల్లెడ. ఏఐ లేదు, ఏమీ లేదు. ఎర్ర మాటల పట్టీ ఒకటి పెట్టుకోవాల. అందులో ఒక్కటి తగిలినా డ్రాఫ్టు పుట్టకూడదు, డ్యూటీలో ఉన్నోళ్ళ ఫోను మోగాల. రెండో మెట్టు ఎవరి గురించి అని తేల్చడం. మన దగ్గర కొడుకు ఫోను నుంచి అమ్మ గురించీ, నాయన గురించీ, వాడి బిడ్డ గురించీ మెసేజీలొస్తాయి. నంబరును బట్టి పాత రికార్డు తెరిచి మోడల్‌కు ఇస్తే నాయన క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష అంకె) చూసి అమ్మకు జవాబు రాస్తుంది. కాబట్టి "ఇది ఎవరి గురించి? పేరు, వయసు చెప్పండి" అనే తయారు వాక్యం ముందు పోవాల. మూడోది మోడల్‌తో వర్గీకరణ: ఆఫీసు పని, పాత మందు సందేహం, కొత్త బాధ, రిపోర్టు, తెలియడం లేదు. "తెలియడం లేదు" అనే గంప తప్పకుండా ఉండాల, లేకుంటే అది ఏదో ఒక గంపలో బలవంతంగా పడేస్తుంది. నాలుగోది డ్రాఫ్టు. అది కూడా మొదటి రెండు గంపలకే.

ఎర్ర పట్టీని ఇంగ్లీషు లిస్టు నుంచి తర్జుమా చేసి పెట్టొద్దు. "ఛాతీ నొప్పి" అని మన జనం ఎవరు రాస్తారు? ఎద నొప్పి, గుండెల్లో పట్టేసినట్టు, రొమ్ములో బరువు అంటారు. పుత్తూరు, నగరి వైపు "నెంజు వలి". కుప్పం, పలమనేరు వైపు కన్నడం కలిస్తే "ఎదె నోవు". ఇంగ్లీషు అక్షరాల్లో గుండెల్లో అనే ఒక్క మాటనే అయిదారు రకాలుగా కొడతారు, వాటన్నిటినీ ఎక్కించాల.

నగరి_సిస్టర్ · 11:05
కోడర్ తమ్ముడూ, ఆ పట్టీలో "గ్యాస్" ఉందా?

కాణిపాకం_కోడర్ · 11:09
ఒక్క గ్యాస్ అనే మాటకే ఫోను మోగిస్తే రోజంతా మోగుతుంది గదక్కా.

నగరి_సిస్టర్ · 11:31
మోగితే మోగనీ అనను. కానీ జత కట్టొచ్చు. "గ్యాస్ పట్టేసింది"తో పాటు చెమటలు, ఎడమ చెయ్యి, దవడ, ఆయాసం, వీపులోకి లాగడం, వీటిలో ఏదొకటి ఉంటే ఎరుపు. రికార్డులో షుగరో బీపీయో ఉంటే, లేదా 40 దాటిన మనిషైతే, ఒక్క గ్యాస్ చాలు. షుగర్ వాళ్ళకు గుండెపోటు నొప్పి లేకుండానే రావొచ్చు, ఒట్టి ఆయాసం, నీరసం అంటారు. మోడల్ "గ్యాస్" చూడగానే యాంటాసిడ్, కారం తగ్గించండి, మెల్లగా నమిలి తినండి అని చక్కగా ఎనిమిది లైన్లు రాస్తుంది. ఎనిమిదీ నిజాలే. అదే ప్రమాదం.

ఇంకొన్ని ఎక్కించుకో: "పురుగు ముట్టింది", అది పాము కాటు. రాత్రిపూట పాము పేరు ఎత్తరు. "ఉమ్మనీరు పోతా ఉంది", "కడుపులో బిడ్డ కదల్లేదు", "మూతి వంకర పోయింది", "మాట ముద్దగా వస్తా ఉంది". ఇక "మందు తాగినాడు". దీనికి మూడు అర్థాలు: సిరప్పు, సారాయి, పురుగుల మందు. మోడల్ మొదటి అర్థమే పట్టుకుంటుంది. ఆ మాట వస్తే ఎదురు ప్రశ్న కూడా వద్దు, నేరుగా ఫోన్ చెయ్యాలి. బతకాలని లేదు అన్న అర్థంలో ఏది వచ్చినా అంతే. మనిషి మాట్లాడాక మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరు ఇవ్వండి. ముందే ఆ నంబరు పంపేసి చేతులు దులుపుకోవద్దు.

పాకాల_జంక్షన్ · 11:58
ఇంత భయం ఎందుకో అర్థం కావడం లేదు. 2023లో జామా ఇంటర్నల్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో పేపరు వచ్చింది కదా. 195 ప్రశ్నలకు డాక్టర్ల జవాబులు, చాట్‌బాట్ జవాబులు పక్కపక్కన పెడితే 78.6 శాతం సార్లు చాట్‌బాట్‌వే బాగున్నాయన్నారు. ఓదార్పు విషయంలో ఇంకా పెద్ద తేడా.

వేలూరు_రోడ్డు_డాక్టర్ · 12:40
ఆ పేపరును పూర్తిగా చదివితే: ప్రశ్నలు రెడిట్ అనే ఇంటర్నెట్ చర్చా వేదికలో ముక్కూమొహం తెలియని వాళ్ళు అడిగినవి. మార్కులు వేసింది వైద్య వృత్తిలోని వాళ్ళు, పేషెంట్లు కాదు. డాక్టర్ల జవాబు సగటున 52 మాటలు, చాట్‌బాట్‌ది 211. ఖాళీ సమయంలో ఊరికే రాసిన దాన్ని తీరిగ్గా రాసిన దానితో పోల్చారు. ఆ డాక్టర్లకు పేషెంటు రికార్డు లేదు, బాధ్యతా లేదు.

నిజమైన ఆసుపత్రి మెసేజీల్లో పెట్టాక ఏమైందో చూడండి. అమెరికాలో యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా శాన్ డియేగో ఆసుపత్రి లెక్క 2024లో వచ్చింది: జవాబు రాసే సమయం తగ్గలేదు, చదివే సమయం 21.8 శాతం పెరిగింది, జవాబులు 17.9 శాతం పొడుగయ్యాయి. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ లెక్కలో డాక్టర్లు డ్రాఫ్టును వాడింది సగటున 20 శాతమే. సమయం అక్కడా కలిసి రాలేదు, కానీ పని బరువు తగ్గినట్టు అనిపించిందని చెప్పారు. అది చిన్న లాభమని నేను అనను. లాన్సెట్ డిజిటల్ హెల్త్‌లో, క్యాన్సర్ పేషెంట్లు అడిగినట్టు తయారు చేసిన ప్రశ్నలతో చేసిన పరిశీలనలో, దిద్దకుండా పంపితే తీవ్ర హాని జరిగే డ్రాఫ్టులు 7.1 శాతం, ప్రాణం మీదికి వచ్చేవి 0.6 శాతం. ఆ తప్పుల్లో ఎక్కువ భాగం "ఇది అర్జెంటు" అని చెప్పకపోవడమే.

ఇవన్నీ ఇంగ్లీషులో వచ్చిన అంకెలు, ఆ రెండు ఆసుపత్రుల్లో అయితే పూర్తి ఎలక్ట్రానిక్ రికార్డు పక్కన ఉంది. మనది వాట్సాప్, అందులో రికార్డు అంటే మడతలు పడిన చీటీ ఫోటో.

పీలేరు_ఫార్మసిస్ట్ · మధ్యాహ్నం 1:15
మోతాదుల సంగతి ఎవరూ ఎత్తలేదు. నా లెక్కలో అన్నిటికంటే ముందు ఆపాల్సింది అంకెలనే.

ఇన్సులిన్ తీసుకోండి. మన దగ్గర వయల్ (మందు సీసా) ఎక్కువగా ఎంఎల్‌కు 40 యూనిట్లది, సిరంజి ఎర్ర మూతది. పెన్నులో ఉండేది 100 యూనిట్లది. అమెరికాలో మామూలుగా అన్నీ 100, మోడల్ చదువుకున్నదీ ఎక్కువగా అదే. "10 యూనిట్లు అంటే ఎంత?" అని అడిగితే 0.1 ఎంఎల్ అంటుంది. మన వయల్‌లో అది 0.25 ఎంఎల్. 40 వయల్ మందును, 100 యూనిట్లదానికి వాడే నారింజ మూత సిరంజిలో 10 గీత దాకా లాగితే ఒంట్లోకి పోయేది 4 యూనిట్లే. తిరగేస్తే, 100ది ఎర్ర మూత సిరంజిలో 10 గీత దాకా లాగితే 25 యూనిట్లు. రాత్రి భోజనం ముందు అది పడితే తెల్లారేసరికి ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

పిల్లల జ్వరం మందు. 10 కిలోల బిడ్డ, కిలోకు 15 ఎంజీ చొప్పున 150 ఎంజీ పారాసిటమాల్. సిరప్పు 5 ఎంఎల్‌లో 120 ఉన్నదైతే 6.25 ఎంఎల్. 250 ఉన్నదైతే 3 ఎంఎల్. డ్రాప్స్ ఎంఎల్‌కు 100 ఉంటే ఒకటిన్నర ఎంఎల్. అమ్మ "జొరం సిరప్పు ఎంత పొయ్యాల?" అని మాత్రమే రాస్తుంది. డ్రాఫ్టు "6 ఎంఎల్" అంటే, ఇంట్లో ఉన్నది 250ది అయితే బిడ్డకు రెండింతలు, డ్రాప్స్ అయితే నాలుగింతలు.

కాబట్టి మోడల్ నోటి నుంచి మోతాదు అంకె రాకూడదు. డ్రాఫ్టులో ఎంజీ, ఎంఎల్, యూనిట్లు, "అర మాత్ర", "రెండు పూటలా" కనిపిస్తే సాఫ్ట్‌వేరే ఆపేయాలి. అంకె కావాలంటే డాక్టరు సంతకం పెట్టిన పట్టిక నుంచి రావాలి, అదీ సీసా ముందు వైపు ఫోటో చూశాకే. పేర్లతో కూడా జాగ్రత్త. షుగర్ మాత్రలు గ్లైకోమెట్ జీపీ 1, జీపీ 2 రెండూ మెట్‌ఫార్మిన్ 500తోనే వస్తాయి, గ్లిమెపిరైడ్ మాత్రం ఒకదాంట్లో 1, ఇంకోదాంట్లో 2. పేషెంటు "జీపీ" అని వదిలేస్తాడు.

కాణిపాకం_కోడర్ · 1:33
ఒప్పుకుంటా అన్నా. అంకెలు పట్టే ఫిల్టరు రాయడం సులభం, ఒక పూట పని. తెలుగు అంకెపదాలు మర్చిపోవద్దు, "ముక్కాలు", "పావు", "ఒకటిన్నర" కూడా పట్టుకోవాల. ఇంకో మాట, అర్జెంటు సలహాలో డ్రాఫ్టు అప్పుడప్పుడు 911 అని అమెరికా నంబరు రాస్తుంది. 108 తప్ప వేరే అంబులెన్సు నంబరు కనిపిస్తే ఆపేయండి.

అలిపిరి_మెట్లు · సాయంత్రం 4:20
జవాబు రాయించడం మీదే అందరూ మాట్లాడుతున్నారు. ఎదురు ప్రశ్న అడిగించడం మీద ఎవరూ మాట్లాడరేం? మన మెసేజీల్లో లోపం అదే, సగం సమాచారం ఉండదు.

"శనివారం ఒక్కపొద్దు. సూది వేసుకోవచ్చా?" ఈ నాలుగు మాటలకు జవాబు లేదు. రోజుకు ఒకసారి వేసే నిలకడ ఇన్సులినా, భోజనం ముందు రెండు పూటలా వేసే 30/70 మిక్సా అన్నదాన్ని బట్టి జవాబే మారిపోతుంది. దాంతో పాటు గ్లిమెపిరైడ్ మింగుతూ ఉంటే ఇంకో లెక్క. మామూలు డ్రాఫ్టు "ఉపవాసం ఉన్నప్పుడు వైద్యుణ్ణి సంప్రదించండి" అంటుంది. ఆయన సంప్రదిస్తున్నది వైద్యుణ్ణే కదా స్వామీ!

దీనికి మోడల్ చేత రాయించాల్సింది ఇంతే: "సూది మందు పెట్టె ఫోటో పంపండి. పొద్దున ఎన్ని యూనిట్లు, రాత్రి ఎన్ని? షుగర్ మాత్రలు ఏమేం వేసుకుంటారు? నిన్నటి షుగర్ ఎంత? ఒక్కపొద్దులో పాలు, పండ్లు తీసుకుంటారా, నీళ్ళు కూడా ముట్టరా?" ఈ అయిదు జవాబులు వచ్చాక డాక్టరుకు అర నిమిషం పని. ఎదురు ప్రశ్నలో తప్పు దొర్లినా హాని తక్కువ, మోడల్‌కు ఈ పని బాగా వచ్చు. అలిపిరి నుంచి 3,550 మెట్లు నడుస్తాం, షుగర్ మాత్ర వేసుకుని ఎక్కొచ్చా అని అడిగే వాళ్ళకూ ఇదే పద్ధతి. మోకాళ్ళు, గుండె, చివరిసారి షుగర్ ఎప్పుడు పడిపోయింది, జేబులో గ్లూకోజు ఉంటుందా అని అడిగించండి.

ప్రశ్నలు అయిదు దాటనీయొద్దు. ఏడైతే మూడింటికే జవాబొస్తుంది.

వేలూరు_రోడ్డు_డాక్టర్ · 4:52
ఇది మంచి మాట. నా ఓటు దీనికే. మొదటి నెల ఎదురు ప్రశ్నలు మాత్రమే రాయించి, జవాబుల డ్రాఫ్టును మూసి ఉంచినా నష్టం లేదు.

రిపోర్టు ఫోటోల గురించి ఒకటి. "నార్మలేనా సార్?" అన్న ప్రశ్న మోడల్‌కు వద్దే వద్దు. ప్లేట్‌లెట్లు ఒక ల్యాబు 1.5 లక్షలు అని, ఇంకొకటి 1,50,000 అని, ఇంకొకటి వేలల్లో 150 అని రాస్తుంది. మడత మీద చుక్క పోతే 1.5 కాస్తా 15 అవుతుంది. డెంగీ రోజుల్లో ఆ చుక్క విలువ చాలా ఎక్కువ.

నగరి_సిస్టర్ · 5:40
చూసే మనిషి గురించి చెప్పాలి. మొదటి రోజు ప్రతి డ్రాఫ్టూ రెండుసార్లు చదువుతాం. పదో రోజుకు పై లైను చదివి పంపేస్తాం. రాత బాగుండే కొద్దీ చూపు జారుతుంది. దానికి రెండు అడ్డుకట్టలు.

స్క్రీను మీద ముందు పేషెంటు మెసేజీ ఒక్కటే కనపడాలి. నర్సు ఎరుపు, పసుపు, పచ్చ ఏదో ఒకటి నొక్కాకే డ్రాఫ్టు తెరుచుకోవాలి. అప్పుడు ఆమె బుర్ర డ్రాఫ్టు వెనకాల పోకుండా ఉంటుంది. ఆమె నొక్కిన రంగూ, మోడల్ వేసిన రంగూ వేరైతే డాక్టరుకు పోవాలి. రెండోది, యాభైకి రెండు చొప్పున కావాలనే తప్పు డ్రాఫ్టులు కలపండి, సెండ్ నొక్కినా బయటికి పోకుండా. పట్టుకోలేకపోతే తిట్టడానికి కాదు, ఆ రోజు మెసేజీలు ఎక్కువయ్యాయని అర్థం.

ఇక భాష. డ్రాఫ్టు ఇలా వస్తుంది: "సూచించిన ఔషధాన్ని ఆహారం స్వీకరించిన అనంతరం సేవించవలసిందిగా కోరుతున్నాము." పేపరు తెలుగు. ఐరాల నుంచి రాసిన అవ్వ మనవడు దీన్ని చదివి వినిపిస్తే ఆమెకు ఏమర్థమవుతుంది? నేనైతే ఇట్లా మారుస్తా: "అన్నం తిన్నాకే మాత్ర వేసుకోమ్మా. తినలేకపోతే వేసుకోవద్దు, మాకు ఫోన్ చెయ్యి." పాత, మంచి జవాబులు ఒక ముప్పై నలభై ఏరి మోడల్‌కు నమూనాగా ఇస్తే చాలావరకు దారికొస్తుంది. వాటిలో పేర్లు తీసేసి ఇవ్వండి.

కాణిపాకం_కోడర్ · 6:15
వాయిస్ నోట్ల సంగతి. మాటను రాతగా మార్చే ఓపెన్ మోడళ్ళు తెలుగుకు ఉన్నాయి, ఐఐటీ మద్రాసులోని ఏఐ4భారత్ వాళ్ళవీ ఉన్నాయి. అసలు గొయ్యి మన క్రియల చివర్లో ఉంది. మనకు "లేదు" వాక్యం కొసన వస్తుంది, అదీ ఈ పక్క యాసలో పూర్తిగా పలకరు. "జొరం తగ్గల" అంటారు. తగ్గలేదు అని. రాతలోకి వచ్చేసరికి "తగ్గాల" అవుతుంది, ఒక్కోసారి "తగ్గింది" అవుతుంది. "తినల", "రాల", "పోల" అన్నీ ఇంతే. రికార్డింగు బటన్ ముందే వదిలేస్తే కొస తెగి, లేదు కాస్తా ఉంది అయిపోతుంది. విస్పర్ లాంటి మాటను రాసే మోడళ్ళు నిశ్శబ్దం ఉన్న చోట లేని వాక్యాలు పుట్టించడం కూడా తెలిసిన జబ్బే.

అందుకని వాయిస్ నోటు రాతను వర్గీకరణకు మాత్రం వాడండి, జవాబుకు ముందు మనిషి చెవితో వినాలి. అయిదు సెకన్లలోపు నోట్లు అసలు మోడల్‌కు పంపొద్దు, వినడమే త్వరగా అవుతుంది.

ఖర్చు మాట: తెలుగు లిపి టోకెన్లుగా (బిల్లు లెక్కకట్టే చిన్న ముక్కలు) విరిగినప్పుడు ఇంగ్లీషు కంటే బాగా ఎక్కువ అవుతాయి. రోజుకు 150 మెసేజీలకు అది భారం కాదు గానీ, ప్రతిసారీ పేషెంటు పాత చాటంతా జోడిస్తే బిల్లు పెరుగుతుంది, గందరగోళమూ పెరుగుతుంది. చివరి చీటీ, చివరి మూడు మెసేజీలు చాలు.

పాకాల_జంక్షన్ · 6:50
సరే, అంకెల విషయంలో ఫార్మసిస్ట్ గారి మాటకు తగ్గుతా. ప్రైవసీ సంగతి ఏంది? మెసేజీలు దేశం దాటి పోతాయి కదా.

పీలేరు_ఫార్మసిస్ట్ · రాత్రి 7:30
2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఉంది, దాని రూల్సు 2025 నవంబర్‌లో వచ్చాయి, ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు. గడువుందని ఆగొద్దు. 18 ఏళ్ళలోపు పిల్లల సమాచారానికి మామూలుగా తల్లో తండ్రో ఒప్పుకోవాలి. బిడ్డ వైద్యానికి అవసరమైనంత మేరకు క్లినిక్‌లకు రూల్సులో మినహాయింపు ఉంది, అయినా మీకు పిల్లల విభాగం ఉంది కాబట్టి ఇది చూసుకోండి. మోడల్‌కు పంపే ముందు పేరు, ఫోను, ఊరు, 14 అంకెల ఆభా (ఆరోగ్య ఖాతా) నంబరు తీసేసి వాటి చోట గుర్తులు పెట్టండి, జవాబు వచ్చాక తిరిగి కలపండి. మీ డేటాతో మోడల్‌కు శిక్షణ ఇవ్వబోమని కంపెనీ కాగితం మీద రాసివ్వాలి. నర్సు సొంత ఫోనులో ఉచిత యాప్ తెరిచి పేషెంటు మెసేజీ కాపీ చేసి అడగడం, జరిగే అసలు లీకు అదే. అది ఆపకుండా మిగతావి ఎన్ని చేసినా దండగ.

స్వర్ణముఖి_గట్టు · మంగళవారం ఉదయం 8:20
అందరికీ థాంక్స్. ఇలా అనుకున్నాం. పాత మెసేజీలు 200 ఏరి, ఇద్దరు డాక్టర్లూ విడివిడిగా రంగులు వేస్తారు. జల్లెడ, మోడల్ వాటి మీద నడిపి, వదిలేసిన ఎరుపులు ఎన్నో ఒక్కటే లెక్క పెడతాం. ఒక్కటి వదిలినా పట్టీ దిద్ది మళ్ళీ. తర్వాత మూడు వారాలు ఏదీ బయటికి పంపకుండా పక్కన నడుపుతాం. ఆ తర్వాత ఎదురు ప్రశ్నలు, ఆఫీసు జవాబులు మాత్రమే. మోతాదు, రిపోర్టు, కొత్త బాధ డాక్టరు చేతిలోనే. రాత్రి 9 దాటితే ఏఐ లేదు, తయారు మెసేజీ ఒకటే.

గోడ మీద పెట్టే బోర్డు: "మీ వాట్సాప్ మెసేజీలకు జవాబు రాయడంలో కంప్యూటర్ సాయం తీసుకుంటాము. మందుల గురించిన ప్రతి జవాబూ డాక్టరు చూశాకే పంపుతాము. అత్యవసరమైతే మెసేజీ పెట్టకండి, 108కి ఫోన్ చేయండి." సరిపోతుందా?

కాణిపాకం_కోడర్ · 8:34
ఒక్కటి మర్చిపోయినారు. పేషెంటు చివరి మెసేజీ నుంచి 24 గంటలు దాటితే వాట్సాప్ బిజినెస్ ఏపీఐలో (సాఫ్ట్‌వేరుతో మెసేజీలు పంపే దారి) మామూలు జవాబు పోదు, ముందే ఆమోదం పొందిన టెంప్లేటే పోతుంది. శనివారం రాత్రి వచ్చింది సోమవారం చూస్తే ఇరుక్కుంటారు. "మీ మెసేజీ చూశాం, జవాబు కోసం సరే అని పంపండి" అని ఒక టెంప్లేటు ఇప్పుడే ఆమోదం చేయించుకోండి.

నగరి_సిస్టర్ · 8:51
బోర్డులో 108 లైను పైకి తీసుకురండి, పెద్ద అక్షరాల్లో. "అత్యవసరం" బదులు "ఎద నొప్పి, ఆయాసం, ఫిట్స్, పాము కాటు" అని పేర్లు రాయండి. అత్యవసరం అంటే ఎవరిది వాళ్ళకు అత్యవసరమే. కింద తమిళంలో కూడా ఒక లైను.

స్వర్ణముఖి_గట్టు · 8:58
తమిళ లైను ఏఐతోనే రాయించనా?

నగరి_సిస్టర్ · 9:03
రాయించి నాకు పంపండి. ప్రింటింగుకు పోయే ముందు నేను చదువుతా.